ముగ్గు సరే, చుక్కలెన్ని?

ధనుర్మాసం వచ్చిందంటే వారపత్రికల్లో ముగ్గులు పడటం మనకి ఆనవాయితీ. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అని వుంటుంది. ఊరికే చూసేవాళ్ళకి బొమ్మ చాలు. తెల్లారగట్ల లేచి వాకిట్లో వెయ్యబోయే మనిషికి మాత్రం ఆ కింది ముక్కే ప్రాణం. అది లేకుండా ఉత్త బొమ్మ అచ్చువేసిన సంపాదకుడి మొహాన ఇంత ముగ్గుపిండి కొట్టినా తప్పులేదు.

ఈ ముగ్గుల ప్రసక్తి ఇప్పుడెందుకంటే, ఇలాంటి కళే ఒకటి కంప్యూటరు తెర మీద వెలిసి పాతికేళ్ళు దాటింది. తన కంప్యూటరు వెలిగించగానే కనబడే తెరని, అదే డెస్క్‌టాప్ అంటారే, దాన్ని రంగులతో, పటాలతో, గడియారాలతో ముస్తాబు చెయ్యటం, ఆ తెరకి ఫొటో తియ్యటం, నలుగురి ముందూ పెట్టటం. దేశదేశాల కుర్రకారు దీనికి రాత్రిళ్ళు ధారపోస్తున్నారు. కథకి విమర్శ వుంది, సినిమాకి వుంది, ఆఖరికి హోటలు దోసెకి కూడా వుంది. ఈ తెరపటాలకి మాత్రం "అదిరింది గురూ" అనే మాట తప్ప విమర్శ అంటూ లేదు. ఒక కళకి ఇంతకంటే అవమానం వుంటుందా చెప్పండి!

అసలు డెస్క్‌టాప్ అంటే బల్ల. 1981లో జిరాక్సు కంపెనీవారు స్టార్ అనే కంప్యూటరు అమ్మకానికి పెడుతూ, ఆఫీసు గుమాస్తా బల్ల చుట్టూ ఏవుంటాయో వాటినే తెరమీద బొమ్మలుగా పెట్టారు. కాయితాలు, ఫోల్డర్లు, సొరుగులు, వచ్చే ఉత్తరాల బుట్ట, పోయే ఉత్తరాల బుట్ట. బల్లంటూ వచ్చాక గుమాస్తా ఊరుకుంటాడా? బల్లమీది అద్దం కింద వెంకటేశ్వరస్వామి పటం, పిల్లల ఫొటో, రైళ్ళ టైంటేబిలూ దూర్చుకోని గుమాస్తాని నేనింతవరకు చూళ్ళేదు. తెర అలంకారానికి బీజం అక్కడుంది. బల్ల కంపెనీది, అద్దం కింది సంగతి మాత్రం మనది.

1984లో ఆపిల్ వారి మెకింటాష్ వచ్చింది. తెర నలుపూ తెలుపే. అయినా అందులో ఓ చిన్న సదుపాయం పెట్టారు. అడ్డం ఎనిమిది గళ్ళు, నిలువు ఎనిమిది గళ్ళు, మొత్తం 64. ఏ గడి నలుపో, ఏ గడి తెలుపో మీరే నొక్కి చెప్పొచ్చు. ఆ చిన్న చదరమే పక్కపక్కనే పడి తెరంతా పరుచుకుంటుంది. ఆ యంత్రానికి బొమ్మలు గీసిపెట్టిన సుజాన్ కేర్ అనే ఆవిడ, తన బొమ్మల్ని ముందు గళ్ళ కాయితం పుస్తకంలో గడి గడీ నింపుకుంటూ గీసుకుందట. ముగ్గుల పుస్తకాలు పెట్టుకున్న మన ఆడపిల్లలకీ ఆవిడకీ పరిచయం లేకపోవచ్చుగానీ, చుట్టరికం మాత్రం వుంది. ఈ విద్యలో ఇప్పటిదాకా వచ్చిన వాటిల్లో నాకు అన్నిటికంటె ముచ్చటైంది ఆ 64 గళ్ళ చదరమే. రంగుల్లేవు, నీడల్లేవు, మెరుపుల్లేవు. అయినా ఎవరి తెర వారిదే.

తరవాత రంగులొచ్చాయి. రంగులతోపాటు పైత్యం కూడా వచ్చిందనుకోండి. 1992 నాటి విండోస్ 3.1లో హాట్ డాగ్ స్టాండ్ అనే రంగుల వరస ఒకటుండేది. ఎర్రటి ఎరుపు, దానిమీద పచ్చటి పసుపు. తిరునాళ్ళలో రంగులరాట్నం పక్కన పడుకోబెట్టినట్టుండేది మనిషికి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దానికీ ఓ వ్యక్తిత్వం వుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు వచ్చిన పచ్చటి గుట్ట, నీలాకాశం గుర్తున్నాయా? మన ఊళ్ళ నెట్ సెంటర్లలో ఏ కుర్చీలో కూచున్నా ఎదురుగా ఆ గుట్టే. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో కాలిఫోర్నియాలో దారిన పోతూ తీశాడు. అది ద్రాక్షతోట స్థలం. పురుగుపట్టి తీగలన్నీ పీకేస్తే, ఆ బోడి నేలమీద మొలిచిన పచ్చిక అది. ఒక రైతు నష్టం కోట్ల ఇళ్ళల్లో అలంకారమై కూచుంది. దాన్ని మార్చుకునే వీలు ప్రతివాడికీ వుంది. మార్చినవాళ్ళెందరు? పెళ్ళిలో ఇచ్చిన గోడగడియారంలా అది ఎక్కడ తగిలించారో అక్కడే వుండిపోయింది.

నేను చెప్పబోయే కుర్రాళ్ళు ఆ గుట్టని భరించలేనివాళ్ళు.

వీళ్ళ రాజ్యం ఎక్కువగా లైనక్స్. 1991లో పుట్టిన ఈ ఉచిత వ్యవస్థలో ఒక విశేషం వుంది. తెరమీద కిటికీలు ఎక్కడ, ఎలా పరుచుకోవాలో చూసే పెత్తందారు ప్రోగ్రాము వేరేగా వుంటుంది. నచ్చకపోతే ఆ పెత్తందార్ని సాగనంపి మరొకర్ని తెచ్చుకోవచ్చు. కిందిపట్టీ వేరు, గడియారం వేరు, గోడపటం వేరు. ప్రతిదీ విడదియ్యొచ్చు. ఇలా విడదీసి, మళ్ళీ బిగించి, రంగులద్దే పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు "రైసింగ్". రైస్ అంటే అన్నమే, సందేహించకండి. జపాను కార్లనీ, మోటారు సైకిళ్ళనీ అమెరికాలో కొందరు "బియ్యంతో నడిచే బళ్ళు" అని ఎగతాళి చేసేవారు. ఆ కార్లకి పెద్ద పెద్ద రెక్కలూ, స్టిక్కర్లూ తగిలించి, వేగం పెరక్కపోయినా పెరిగినట్టు హడావిడి చేసేవాళ్ళని ఆ మాటతోనే వెక్కిరించారు. అక్కణ్ణించి మాట కంప్యూటర్లకి పాకింది. ఇప్పుడు అంటున్న పిల్లల్లో చాలామందికి అదో తిట్టని తెలీదు. తెలిసినవాళ్ళు కొందరు తరవాత పొడి అక్షరాలకి ఏదో విస్తరి రాసి పరువు కాపాడారు. మూడుపూటలా అన్నం తినే జాతివాణ్ణి గనక ఈ మాట నా నోట పలకను. ముస్తాబు అంటాను, పోయిందేముంది?

ఇహ ఆ తెరపటం ఎలా వుంటుందంటారా? నూటికి తొంభై ఒక్క అచ్చులోంచి తీసినవే. వెనకాల ముదురు ఊదారంగు సాయంత్రం. వానలో తడుస్తున్న జపాను వీధి, లేదా కిటికీ దగ్గర కూచున్న ఓ కార్టూను పిల్ల. నాలుగు కిటికీలు, అంచులు గుండ్రంగా నున్నగా చెక్కి, గాజులా మసకమసగ్గా వెనకపటం కనిపించేలా. ఒక కిటికీలో పాటకి తగ్గట్టు ఎగిరే గీతలు. ఇంకోదాంట్లో పచ్చటి అక్షరాలు వానలా కారుతూ వుంటాయి. మూడోదాంట్లో ఏదో ప్రోగ్రాము రాసి వుంటుంది. ఆ ప్రోగ్రాము ఎవరూ రాస్తున్నది కాదు. పెళ్ళిచూపుల నాడు గదిలో వీణ పెడతారే, అల్లాంటిది. నాలుగోది తప్పనిసరి: ఈ యంత్రం పేరేవిటి, లోపల ఏ లైనక్స్, జ్ఞాపకశక్తి ఎంత, వెలిగించి ఎన్ని గంటలయింది అని పక్కన పెద్ద చిహ్నంతో సహా చెప్పే జాబితా. ఇంటి గేటుకి "ఎం.ఏ., బి.ఎల్." అని బోర్డు కట్టుకున్నట్టు. ఈ జాబితా చూపించే నియోఫెచ్ అనే ప్రోగ్రాముకి 2024లో దాని కర్త స్వస్తి చెప్పేశాడు. వ్యవసాయంలోకి దిగానని రెండు ముక్కలు రాసి పెట్టాడు. ఈ మొత్తం ఉద్యమంలో ఇంత నిబ్బరమైన చర్య ఇంకోటి నాకు కనబళ్ళేదు. ఆయన పొలం చల్లగా వుండాలి.

కాశ్మీరంలో క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలోనే ఔచిత్యం గురించి ఒక గ్రంథం రాసి పెట్టాడు. మెడలో వడ్డాణం, నడుముకి హారం వేసుకుంటే నవ్వుతారంటాడాయన. నగలు మంచివే, చోటు తప్పింది. ఈ తెరలకి ఆ కొలత పెట్టి చూడండి. అక్షరం చదవటానికుంది. దాని వెనక కొండలూ కోనలూ కనబడేలా గాజు పెడితే, కొండ ఆకుపచ్చగా వున్నచోట ఆకుపచ్చ అక్షరం మాయమవుతుంది. అది వడ్డాణం మెడలో వెయ్యటమే.

దీనికంటె చిత్రమైంది "సందుల" కథ. 1985లో విండోస్ మొదటిసారి వచ్చినప్పుడు అందులో కిటికీలు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి కావు. గచ్చుమీద నాపరాళ్ళలా పక్కపక్కనే పరుచుకునేవి. అదో లోపమని జనం గొణిగితే 1987లో రెండో విండోస్ వాటిని ఒకదానిమీద ఒకటి పడనిచ్చింది. తరవాత పేర్చుకోవటంలో పడి టైము పోతోందని కొందరికి విసుగొచ్చింది. మళ్ళీ నాపరాళ్ళ పద్ధతికి వెళ్ళారు. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3 అనే పెత్తందారు అలాంటిది. ఎలకని ముట్టుకోకుండా మీటలతోనే సర్దుకోవచ్చు, తెరలో ఒక్క అంగుళం వృథా పోదు. ఎంత బావుంది! మరి అలంకార ప్రియులు ఏం చేశారు? రాళ్ళ మధ్య అంగుళం సందు వదిలితే వెనకపటం కనబడుతుంది గదా అన్నారు. సందులు వదిలే ఐ3 అని వేరుకుంపటి పెట్టారు. వేరుకాపురం ఏళ్ళ తరబడి సాగి, 2023లో ఆ సందులు అసలు ఐ3లోనే కలిసిపోయాయి. చోటు వృథా కాకూడదని పుట్టిన వస్తువులో చోటు వృథా చెయ్యటానికి అధికారిక ఏర్పాటు! రెండు గదుల ఇంట్లో డ్రాయింగు రూముకి తాళంవేసి అందరూ వసారాలో పడుకున్నట్టు.

అలా అని అంతా తాలే అనటం లేదు. 2011లో ఈథన్ స్కూనోవర్ అనే ఆయన సోలరైజ్డ్ అని ఓ రంగుల వరస విడుదల చేశాడు. మొత్తం 16 రంగులు. ఎనిమిది వెనక నిలబడే మెత్తని రంగులు, ఎనిమిది ముందుకొచ్చి మాట్లాడేవి. ఏ రంగుకీ ఏ రంగుకీ మధ్య కంటికి ఎంత వెలుగు తేడా వుండాలో లెక్కకట్టి మరీ ఎంచాడు. పగలు తెల్లబల్ల కావాలంటే, రాత్రి నల్లబల్ల కావాలంటే, ఆ ఎనిమిది మెత్తని రంగులు తమలో తాము చోట్లు మార్చుకుంటాయి. మాట్లాడే ఎనిమిదీ కదలవు. రాగం మారకుండా శ్రుతి మారినట్టన్నమాట. ఆ పసుపుపచ్చ కాయితం రంగు నాకు నచ్చకపోవచ్చు, మా ఆవిడైతే దాన్ని చూసి "పాత పంచాంగం" అంది. నచ్చకపోయినా ఎందుకు అలా వుందో దాని దగ్గర జవాబుంది. ఆ ఊదా సాయంత్రాల్ని అడిగి చూడండి, పక్కింటివాడు కూడా ఊదాయే వేశాడంటాయి.

మా మేనల్లుడొకడు హైదరాబాదులో పనిచేస్తున్నాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక "మావయ్యా, ఇటు చూడు" అని తన తెర చూపించాడు. బావుంది. నిజంగానే బావుంది. గోడపటం బదులు ఒట్టి బూడిదరంగు, మూల చిన్న గడియారం, అంతే.

"ఇంత శుభ్రంగా వుంది, దీనిమీద పనెప్పుడు చేస్తావురా?" అన్నాను.

"పనంతా ఆఫీసు లాప్‌టాప్‌లో కదా మావయ్యా. దాంట్లో వాల్‌పేపరు కూడా మార్చనివ్వరు" అన్నాడు.

ఆ మాట దగ్గర నా వెటకారం కాస్త తగ్గింది. రోజుకి పది గంటలు మనిషి చూసే తెర అతనిది కాదు. మేకు కొట్టకూడదనే షరతుమీద దిగిన అద్దె ఇల్లు. సొంత కంప్యూటరు కొనుక్కున్నా కంపెనీల పెత్తనం తప్పదు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు, అంతకుముందు పాతికేళ్ళుగా పక్కకి జరుపుకుంటున్న కిందిపట్టీని ఇహ కిందనే వుంచుకోవాలన్నారు. పొద్దున లేచేసరికి ఇంటివాడొచ్చి పొయ్యి దిక్కు మార్చి పోయినట్టు. అలాంటప్పుడు ఆదివారం పూట కుర్రాడు తన తెరకి తన చేత్తో రంగు వేసుకుంటే దాన్ని ఒట్టి షోకు అని కొట్టిపారెయ్యటానికి నాకు మనసొప్పదు. ఖాళీ తెరకి పటం తీసి పెడుతున్నారని ఇందాక నుంచీ ఎగతాళి చేస్తున్నానే, అందులో చాలా తెరలు పనికోసం కాదు, ఊపిరి పీల్చుకోటానికి. అయితే సరిగ్గా అందుకే విమర్శ కూడా గట్టిగా వుండాలి. ఇల్లు నీదే అయినప్పుడు అందులో పక్కింటివాడి గోడపటం తగిలిస్తావేం నాయనా?

ఇప్పుడు చుక్కల దగ్గరికొద్దాం. ఈ ముస్తాబంతా ఎక్కడ రాసి వుంటుందంటే, చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్ళలో. డాట్‌ఫైల్స్ అంటారు, మనం చుక్కఫైళ్ళు అందాం. వీటి పుట్టుక తమాషా అయింది. యూనిక్స్ తొలిరోజుల్లో ప్రతి ఫోల్డరులోనూ ఒంటిచుక్క, జంటచుక్క అని రెండు పేర్లుండేవి, ఒకటి తనకి గుర్తు, రెండోది పై ఫోల్డరుకి. జాబితా వేసేటప్పుడు ఇవి అడ్డంగా కనబడుతున్నాయని, పేరులో మొదటి అక్షరం చుక్కయితే చూపించొద్దని ఓ చిన్న షరతు రాశారు. దాంతో ఆ రెండే కాదు, చుక్కతో మొదలయ్యే ప్రతి పేరూ మాయమైంది. ఇదేదో బావుందే అని ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా తమ సరంజామా దాని చాటున పెట్టటం మొదలెట్టారు. రాబ్ పైక్ 2012లో ఈ కథ చెబుతూ, అది ఆలోచించి చేసిన పని కాదు, పొరపాటని ఒప్పేసుకున్నాడు. ఆ పొరపాటు గూట్లోనే ఇవాళ ఈ కళంతా దాగివుంది.

పటం మాత్రం పెట్టి చుక్కఫైళ్ళు పెట్టనివాళ్ళున్నారు. అడిగితే "ఇంకా సర్దాలి, తరవాత పెడతా" అంటారు. ఆవకాయ కొలత అడిగితే "ఏవుందమ్మా, అంతా కంటి అంచనాయే" అని దాటేసే పెద్దమ్మ మన ప్రతి కుటుంబంలోనూ వుంది గదా, వీళ్ళు ఆవిడ వారసులు. వాళ్ళ పటం ఎంత అందంగా వున్నా నా లెక్కలో అది క్యాలెండరు బొమ్మే.

రెండోరకం ఇంకా గట్టివాళ్ళు. రెండువేల వరసల చుక్కఫైళ్ళు గుట్టగా పోసి, మొత్తం ఒక్క మీటతో ఎక్కించుకునే ఏర్పాటు చేస్తారు. ఎక్కించుకున్నవాడికి ఏం దక్కుతుంది? ఇంకోడి ఇల్లు తాళంచెవులతో సహా దక్కుతుంది, ఏ తాళం ఏ గదిదో తెలీదు. మూడోనాడు గడియారం ఆగితే దిక్కులు చూడాలి. ముగ్గు ముద్రలు అమ్మేవాడొస్తాడే, చిల్లుల గొట్టంలో పిండిపోసి దొర్లిస్తే వాకిలంతా తామరపూలు! పూలు పడతాయి, చేతికి మాత్రం ముగ్గు రాదు.

మంచి చుక్కఫైలు వేరేగా వుంటుంది. తెరపటం చూడకుండానే దాని గుణం తెలిసిపోతుంది. ప్రతి నాలుగు వరసలకీ పక్కన చిన్న మాట వుంటుంది. ఈ అక్షరం ఇంత పెద్దది ఎందుకంటే సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయి. ఈ మీట ఇక్కడెందుకంటే కుడి చిటికెనవేలు నొప్పి. ఈ పట్టీ తీసేశాను, అస్తమానం టైము చూసుకుంటున్నాను. ఇలా రాసివున్న ఫైలు చదివితే మనిషి కనబడతాడు. ఆ మనిషి దగ్గర ఒక్క వరస తీసుకుని నా తెరలో పెట్టుకుంటే అది దొంగతనం కాదు. పక్కవీధి పిన్నిగారి ముగ్గు మనవాకిట్లో వేస్తే మనచెయ్యి వంపు దానికి రాకుండా వుంటుందా? విమర్శకులు ఎవరైనా బయల్దేరితే పటాల్ని పక్కనపెట్టి ముందు ఈ ఫైళ్ళు చదవండి. మార్కులు అక్కడ వెయ్యండి.

ఇంకొక్క సంగతి వుంది, అది మన ఇంటి సంగతి. ఈ ముస్తాబుల్లో ప్రధాన పాత్ర టెర్మినల్‌ది, అంటే ఒట్టి అక్షరాలతో నడిచే కిటికీది. దాని నిర్మాణం పూర్తిగా గళ్ళలెక్క. అక్షరానికో గడి, అంతే. ఇంగ్లీషుకి ఏ ఇబ్బందీ లేదు. చైనా, జపాను లిపుల కోసం రెండు గళ్ళు కలిపి ఇచ్చారు. మన "స్త్రీ" అనే ఒక్క అక్షరం సంగతి చూడండి. యూనికోడులో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చాలా టెర్మినళ్ళు మూడు హల్లులు చూసి మూడు గళ్ళు కేటాయిస్తాయి. వత్తులేమో కింద చేరాలి, వాటికి గడిలో అంత ఎత్తు లేదు. దాంతో అక్షరం ముక్కలైనా అవుతుంది, పక్కన రెండు బోడిగళ్ళు మిగిలినా మిగులుతాయి. తెలుగు యూనికోడులో 1991 నుంచీ వుంది. గ్నోమ్, కేడీఈ లాంటి లైనక్స్ తెరలకి తెలుగు అనువాదాలు చేసిపెట్టిన పుణ్యాత్ములున్నారు. ఈ గళ్ళ కిటికీ దగ్గర మాత్రం మన లిపి ఇంకా గుమ్మంలోనే నిలబడి వుంది.

మా మేనల్లుడితో ఈమాటే అన్నాను. తెర బూడిదరంగులో ఎంత నాజూకుగా వున్నా, అందులో నీపేరు తెలుగులో కొడితే ఏమవుతుందిరా అని. వాడు కొట్టి చూశాడు. వత్తు విరిగి పక్కగడిలో పడింది. వాడు ఓ నిమిషం దానికేసి చూసి, "ఇది ఫాంటు తప్పు కాదు మావయ్యా, గడి తప్పు" అన్నాడు. ఆ రాత్రి పదకొండింటికి కూడా వాడి గదిలో దీపం వెలుగుతూనే వుంది. ఏం తేల్చాడో ఇంకా చెప్పలేదు. తేలిస్తే చుక్కలతో సహా రాసి పంపమన్నాను.